అద్దం లేని చోటు

రమ్మన్నది మూడు గంటలకి. మూడు ఎప్పుడో దాటిపోయింది. ప్రొఫెసరు గారి గది తలుపు ఇంకా మూసే ఉంది. లోపల ఆయన గొంతు ఒకసారి పైకి లేచి మళ్ళీ గొణుగుడులోకి దిగింది, దానికి బదులు చెబుతున్న రెండో గొంతు ఎవరిదో చిన్న డాక్టరమ్మ ఇట్టే పోల్చుకుంది. బుద్ధిమంతుడు. అయితే వాడిని తనకంటే ముందే పిలిచారన్నమాట. నిన్న మధ్యాహ్నం క్యాంటీన్లో ఎదురెదురుగా కూర్చుని తిన్నారు, "రేపు నిన్ను సార్ రమ్మన్నారటగా" అని ఆరా తీశాడే కానీ తనకూ పిలుపు వచ్చిందని ఒక్క ముక్క చెప్పాడా? చెప్పలేదు. పైగా పళ్ళెంలో మిగిలిన అరటిపండు ఇటు జరిపి "తిను, నీరసంగా ఉన్నావు" అన్నాడు. ఊరికే పండు ఎందుకిస్తాడు మనిషి? కాలేజీలో ఏళ్ళ తరబడి పక్కపక్కనే కూర్చున్నారు, పరీక్ష హాల్లో అరువిచ్చిన పెన్ను కూడా మర్చిపోకుండా అడిగి తీసుకునేవాడు, హాస్టల్లో అందరూ కలిసి వాడికి బుద్ధిమంతుడని బిరుదు తగిలించింది కూడా అందుకే. అలాంటివాడు పండు ఇచ్చాడంటే దాని వెనక ఏదో ఉంది. ఉండి తీరాలి.

కారిడార్లో ప్లాస్టిక్ కుర్చీలన్నిటినీ ఒకే ఇనపకడ్డీకి బిగించారు, ఆ చివర ఎవరు కాలు ఆడించినా ఈ చివర కూర్చున్నవాళ్ళు ఊగాల్సిందే, ఇప్పుడైతే ఊపేవాళ్ళు ఎవరూ లేరు, ఊగుతున్నది తన కాలే అని ఆమె కాసేపటికి గమనించి ఆపింది. ఇద్దరూ డాక్టర్లయి ఏడాది కూడా నిండలేదు. కొత్తగా పట్టా పుచ్చుకున్నవాళ్ళంతా వార్డుల్లో నలగాల్సిందే, ఆ నలిగేవాళ్ళలోంచి కొద్దిమందిని ఏరి, ఏడాదిలో కొన్ని నెలలు ఒక ప్రొఫెసరు చేతికింద పరిశోధన నేర్చుకోమని పంపుతారు. వార్డులో మిగిలిపోయిన స్నేహితులకి అది సెలవులాగే కనిపిస్తుంది, "మీకేంటమ్మా, మేం పరిగెడుతుంటే మీరు కూర్చుని గీతలు గీస్తారు" అని ఆటపట్టిస్తారు. అననీ. ఈ విభాగానికి ఈసారి ఇద్దర్ని తీసుకున్నారు, వచ్చే ఏడాదికి ఉంచుకునేది ఒక్కరినే. ఆ ఒక్క సీటు కోసం ఆమె వార్డులో తీరిక దొరికినప్పుడల్లా చదివింది, అక్క పెళ్ళి చూపులకి కూడా వెళ్ళలేదు, అక్క ఇప్పటికీ సాధిస్తూనే ఉంది. సీటు తనదేనని మొన్నటిదాకా ధీమాగానే ఉంది. గురువారం ఆ దృశ్యం కంటపడేదాకా.

అసలు ఇవాళ అడిగేయాలనే వచ్చింది. సార్, నేను చూసి మార్కులు వేసిన పేషెంట్లకి మళ్ళీ అతనితో ఎందుకు వేయిస్తున్నారు? ఇంతే, ఒక్క ప్రశ్న. ఆయన తిన్నగా జవాబు చెప్పకుండా డొంకతిరుగుడుగా మాట్లాడితే రేపు పొద్దున్నే ఆస్పత్రి పరిశోధనల మీద అజమాయిషీ చేసే కమిటీకి వెళ్ళి చెప్పేయడమే. సీటు పోతే పోయింది. పోతే పోయింది అనడం కుర్చీలో కూర్చుని అనుకోవడానికి బాగానే ఉంటుంది.

ప్రొఫెసరు గారి సెక్రటరీ తన బల్ల దగ్గర కమలాపండు ఒలుచుకుంటూ ఇటు చూసి నవ్వింది. "ఏం టెన్షన్ పడకండి డాక్టర్" అంది. టెన్షన్ పడుతున్నానని ఎవరు చెప్పారు ఈవిడకి? టెన్షన్ పడాల్సిన సంగతేదో ఉందని తెలిస్తేనే కదా పడొద్దని చెబుతారు? ఆవిడకి అన్నీ తెలుస్తాయి, ఫోన్లన్నీ ఆవిడ మీదుగానే పోతాయి. తొన ఒకటి చేతిలోకి తీసుకుని "కావాలా?" అని చూపించింది. ఈ ఆస్పత్రిలో అందరూ ఉన్నట్టుండి తనకి పళ్ళు తినిపించడానికి పూనుకున్నారేమిటో. వద్దని తల ఊపి, ఎదురు గోడ మీద చేతులు ఎలా కడుక్కోవాలో చూపించే బొమ్మలవైపు చూస్తూ కూర్చుంది, అరచేతికి అరచేయి, వేళ్ళ సందుల్లో వేళ్ళు, బొటనవేలు వేరుగా. ఎవరివో ముఖం లేని చేతులు. ఈ కొన్ని నెలలుగా ఆమె చూసినవన్నీ చేతులే.

పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పడిపోయినవాళ్ళు. బల్ల మధ్యలో ఒక అద్దం నిలబెడతారు, పడిపోయిన చేతిని దాని వెనక దాచి, బాగున్న చేతిని దాని ముందు ఆడించమంటారు. అద్దంలోకి చూస్తుంటే పడిపోయిన చెయ్యే ఆడుతున్నట్టు ఉంటుంది, ఆ అబద్ధాన్ని రోజూ చూడగా చూడగా మెదడు నమ్మేసి, చేతిని నిజంగానే కదిలిస్తుందని ఆశ. ఆ ఆశ ప్రొఫెసరు గారిది. సగంమంది పేషెంట్లకి అద్దం, సగంమందికి మామూలు వ్యాయామం, ఎవరికి ఏది అన్నది కంప్యూటరు చీటీలు తీసినట్టు తీసి తేలుస్తుంది, అది వ్యాయామం చేయించే ఫిజియో అక్కకి తప్ప ఇంకెవరికీ తెలియదు. అందరికంటే ముఖ్యంగా చిన్న డాక్టరమ్మకి తెలియకూడదు. ఎందుకంటే మధ్యలోనూ చివర్లోనూ ఆ చెయ్యి ఎంత బాగుపడిందో చూసి మార్కు వేసేది ఆమె, తన వంతుకి రానివాళ్ళకి బుద్ధిమంతుడు. బల్ల మీద ఒక ఇనపగోళీ, ఒక చెక్కముక్క, ఒక గ్లాసు పెట్టి, వాటిని ఎత్తి ఎదురుగా ఉన్న అరలో పెట్టమనాలి. కదపలేకపోతే సున్నా, సగంలో వదిలేస్తే ఒకటి, పెట్టినా తంటాలు పడుతూ పెడితే రెండు, మామూలు మనిషిలా పెడితే మూడు. రెండుకీ మూడుకీ మధ్య కొలబద్దేమీ ఉండదు, ఉండేదల్లా చూసేవాళ్ళ కన్ను. అందుకే ఆ కన్నుకి గంతలు కట్టాలి. పేషెంట్లకి కూడా ఫిజియో అక్క గట్టిగా చెప్పి పంపుతుంది, మీరు ఏం చేస్తున్నారో చిన్న డాక్టరమ్మ దగ్గర నోరు జారకండి అని. వాళ్ళు చక్కగా పాటిస్తారు, కొందరైతే మరీ అతిగా, వాతావరణం ఎలా ఉందని అడిగినా పెదాలు బిగించి ఫిజియో అక్క కోసం దిక్కులు చూస్తారు.

మొదటిరోజు ప్రొఫెసరు గారు ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పిన మాట ఆమెకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఇక్కడ ఎవర్నీ నమ్మకండమ్మా. నన్ను అసలే నమ్మకండి. నాకు అద్దం గెలవాలని ఉంది, అందుకే కొలత నా చేతిలో పెట్టుకోలేదు." ఆ తర్వాత ఆయన ఇంకా చాలాసేపు మాట్లాడారు, ఏవేవో జాగ్రత్తలు, ఏవేవో పద్ధతులు, ఆమె అప్పుడే వార్డు డ్యూటీ దిగి వచ్చింది, కళ్ళు మూతలు పడుతున్నాయి, బుద్ధిమంతుడు మాత్రం బడిపిల్లాడిలా తల ఊపుతూనే ఉన్నాడు. ఆ మిగతా మాటలు ఏమైనా కానీ, ఆ మొదటి మాట ఆమెకి ఎంత నచ్చిందంటే ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పింది. "నీకు ఎవరో నేర్పాలా?" అని అమ్మ నవ్వింది. అనుమానం వాళ్ళింట్లో ఉమ్మడి ఆస్తి. అమ్మ బజారులో తూయించిన కూరగాయల్ని ఇంటికి తెచ్చి తన తక్కెడలో మళ్ళీ తూస్తుంది. నాన్న సిటీ బస్సుల్లో టికెట్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఎక్కగానే టికెట్లు అడిగేవాడు కాదట, ముందు మెడలు చూసేవాడట. "టికెట్ లేనివాడు కిటికీ బయటికి చూస్తాడే అమ్మలూ. టికెట్ ఉన్నవాడు కూడా చూస్తాడు, కానీ వాడి మెడ మెత్తగా ఉంటుంది. లేనివాడిది బిగిసి ఉంటుంది." చిన్నప్పుడు నాన్నతో బస్సెక్కితే అదే ఆట, ఏ మెడ దొంగమెడో చెప్పాలి, చెప్పేది కూడా, చాలాసార్లు సరిగ్గానే. ఇంట్లో ఆమె ముద్దుపేరు పోలీసు.

ఆ పోలీసు బుద్ధికి ఈ చోటు అచ్చంగా సరిపోయింది. వచ్చిన వారంలోనే అన్నీ కంటబడ్డాయి. ప్రొఫెసరు గారి గది బయట ఆయన అద్దం పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో, ఎవరో చంటిబిడ్డ భుజం మీద వేసినట్టు దాని మీద చెయ్యి. ఫోన్లో ఎవరితోనో "ఈసారి తేలిపోతుందండీ, నాకు నమ్మకం ఉంది" అంటున్న ఆయన గొంతులో ఉత్సాహం. ఫలితం ఎవరికీ తెలియనప్పుడు నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది? ఫిజియో అక్క సంగతి సరేసరి, ఆయన పదేళ్ళ కిందట చదువు చెప్పిన శిష్యురాలు, సార్ అంటే దేవుడు. తను గదిలోకి అడుగుపెట్టగానే ఆవిడ మాట్లాడుతున్న మాట మింగేస్తుంది, అద్దం మీద దుప్పటి లాగేస్తుంది, "రా రా, కాఫీ తాగావా?" అంటుంది. దుప్పటి కప్పడం నియమమే, కాదనడంలేదు. కానీ నియమం కోసం కప్పే మనిషి అంత కంగారుగా కప్పాలా? ఇక మొన్న గురువారం. ఆమెకి ఆ రోజు వార్డు డ్యూటీ. రక్తపరీక్షల ఫలితాల కోసం కింద అంతస్తుకి దిగుతూ చూసింది. దర్జీ అమ్మ. తను మంగళవారమే పరీక్ష పెట్టి మార్కులు వేసి పంపేసిన దర్జీ అమ్మ, అదే పరీక్షగదిలోకి వెళుతోంది, తలుపు పట్టుకుని "రండి, మెల్లిగా" అంటున్నది బుద్ధిమంతుడు. తలుపు మూసుకుంది. అద్దాల కిటికీలోంచి అర, ఇనపగోళీ, చెక్కముక్క కనిపించాయి. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆమెకి ఆ మెట్ల మీద తెలిసింది. మార్కులు తక్కువ పడ్డవాళ్ళని మళ్ళీ పిలిచి, మాట వినేవాడి చేత మళ్ళీ వేయించుకుంటున్నారు. ఇంకేముంటుంది?

ఎందుకంటే ఆమెకి తెలుసు. దర్జీ అమ్మది అద్దం గుంపు. ఆవిడ నోరు జారలేదు పాపం, పెదాలకి తాళం వేసినట్టు వేలితో చూపించి నవ్వేది. కిందటిసారి పరీక్షకి వచ్చినప్పుడే మెడ చెప్పేసింది. గోళీ తీయమనగానే మామూలు పేషెంట్లు తమ చేతివైపు చూస్తారు, లేకపోతే గోళీవైపు చూస్తారు. దర్జీ అమ్మ రెండిటివైపూ చూడలేదు. మెడ ఇంత వంచి, బల్ల మధ్యలో ఖాళీగా ఉన్న చోటికి చూసింది. ఒక్క క్షణం. అక్కడ ఏమీ లేదు. ఆ తర్వాతే చెయ్యి కదిలింది. అక్కడ అద్దం ఉండేదని, వారాల తరబడి ఆవిడ అక్కడే చూసి చూసి అలవాటు పడిందని పోలీసుకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ రోజు ఆమెకి గర్వంగా కూడా అనిపించింది, నాన్నకి చెబితే ఎంత మురిసిపోతాడో అనుకుంది. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరిలో ముందు మెడే చూసేది. ఖాళీచోటుకి చూసేవాళ్ళు అద్దం, చూడనివాళ్ళు మామూలు. ఇదేమీ ఆమె కావాలని తెలుసుకోలేదు, కళ్ళున్నందుకు కనబడింది, కనబడితే ఏం చేస్తుంది? ఎవరికీ చెప్పలేదు. చెబితే కొలిచే పనిలోంచి తీసేస్తారు, తీసేస్తే సీటు బుద్ధిమంతుడిది. పైగా తెలిస్తే మాత్రం ఏమైంది, ఆమె ఎవరికీ లొంగే మనిషి కాదు. ఆయనకి అద్దం గెలవాలని ఉంది కాబట్టి అద్దం వాళ్ళ దగ్గర కన్ను మరింత గట్టిగా ఉంచాలి, అంతే కదా. ఒక్కరైనా ఈ ఆస్పత్రిలో సార్ మొహం చూడకుండా మార్కు వేసేవాళ్ళు ఉండాలి కదా.

తలుపు తెరుచుకుంది. బుద్ధిమంతుడు బయటికి వచ్చాడు. చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి, కళ్ళు నేలకి అతుక్కుపోయాయి.

"ఏమన్నారు?" అంది ఆమె.

"ఏం లేదు. నిన్ను కూడా పిలుస్తారు, ఆయనకి ఏదో ఫోనొచ్చింది." అతను ఆగి, ఏదో చెప్పబోయి, "తర్వాత మాట్లాడదాంలే" అన్నాడు. పోయి కారిడారు చివర మంచినీళ్ళ యంత్రం దగ్గర గ్లాసు నింపుకుని, తాగకుండా పట్టుకుని నిలబడ్డాడు.

చూశావా, మొహం చూపించలేకపోతున్నాడు, చేసిన పనికి సిగ్గుపడుతున్నాడు అనుకుంది. అనుకుని, లోపల చెప్పాల్సిన మాటల్ని మరోసారి వరసగా పేర్చుకోవడం మొదలుపెట్టింది. సార్, దర్జీ అమ్మని ఉదాహరణగా తీసుకుందాం. ఆవిడకి నేను గోళీ దగ్గర రెండు వేశాను. మళ్ళీ ఎందుకు పిలిపించారు? అప్పుడాయన అడుగుతారు, రెండు ఎందుకు వేశావమ్మా అని. అడిగితే చెప్పాలి కదా. తంటాలు పడింది కాబట్టి. ఏం తంటా? గోళీ జారిందా? జారలేదు. వేళ్ళు వణికాయా? ఆమె కళ్ళు మూసుకుని మంగళవారాన్ని మళ్ళీ ముందుకు తెచ్చుకుంది, ఎండ పడుతున్న బల్ల, దర్జీ అమ్మ మెడలో వేలాడే కొలతటేపు, అది లేకుండా బయటికి వస్తే బట్టలు లేకుండా వచ్చినట్టు ఉంటుందని ఆవిడ వేళాకోళం. మెడ వంగింది, ఖాళీచోటుకి చూసింది, చెయ్యి లేచింది, బొటనవేలూ చూపుడువేలూ గోళీ మీదికి వచ్చాయి, సూదిలో దారం ఎక్కించేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకున్నాయి, అరలో పెట్టాయి. చప్పుడు కూడా కాలేదు. వణికిందా? లేదు. భుజం ఎగదోసిందా? లేదు. ఆలస్యమైందా? ఆ చూసిన ఒక్క క్షణం తప్ప లేదు. మరి రెండు ఎందుకు? ఆమె ఇంకోసారి మొదటినుంచీ నడిపించి చూసుకుంది. ఆ చేతిలో తప్పేమీ దొరకలేదు. తంటా చేతిలో లేదు, మెడలో ఉంది, మెడకి మార్కు లేదు.

ఒక్కసారికి పొరపాటు కావచ్చు, మిగతావాళ్ళో? ఖాళీచోటుకి చూసిన బస్సు డ్రైవరు, గ్లాసు ఎత్తాడు, నీళ్ళు ఒలకలేదు, రెండు. ఖాళీచోటుకి చూసిన బడిపంతులు, చెక్కముక్క పెట్టి నవ్వాడు, రెండు, ఎందుకంటే పెట్టేటప్పుడు ఊపిరి బిగపట్టాడనిపించింది. చూడని తోటమాలికో? గోళీ ఒకసారి వేళ్ళమధ్య తిరిగింది, పోనీలే పెట్టాడుగా అని మూడు. పోనీలే. ఆ పోనీలే అద్దం వాళ్ళలో ఒక్కరికైనా అందిందా? సార్ తక్కెడలో వేలు పెడుతున్నారని అనుమానించి, ఆయన వేలు బరువు సరిచేయడానికి అటు పళ్ళెంలో తన వేలు పెట్టింది. అసలు ఆయన వేలు అక్కడ ఉందో లేదో ఎవరికి తెలుసు? తనది ఉంది. ఇది ఖాయం.

మంగళవారం సాయంత్రం దర్జీ అమ్మ లేచేముందు బల్ల మీది కాగితం వైపు మెడ సాచి చూసింది. తలకిందులుగా కనబడినా అంకె అంకే. "రెండేనా డాక్టరమ్మా? కిందటిసారీ రెండేగా" అంది. మార్కుల గురించి పేషెంట్లతో మాట్లాడకూడదు, అదీ నియమమే, నియమాలంటే ఆమెకి ప్రాణం, "అవన్నీ అడక్కూడదమ్మా" అని నవ్వేసింది. మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడే ఆమె తెల్లకోటు చూసి అంది, చేతి అంచు కుట్టు ఊడి వేలాడుతోందని, ఎవరిచేతా వేయించొద్దని, చెయ్యి బాగయ్యాక మొదటి కుట్టు దీనికే వేస్తానని. ఆమె కూడా ఎవరిచేతా వేయించలేదు, వార్డులో సిస్టర్లు ఎగతాళి చేసినా అలాగే తిరిగింది. మంగళవారం వెళ్ళిపోతూ దర్జీ అమ్మ ఆ అంచుని ఒకసారి పట్టుకుని చూసింది. "బయట ఎవరికైనా ఇచ్చి కుట్టించుకోండి డాక్టరమ్మా, చూడ్డానికి బాగోదు" అంది. మామూలుగానే అంది. నిన్న ఫిజియో అక్క కాఫీ గ్లాసు కడుక్కుంటూ ఎవరితోనో అంటోంది, ఆవిడ ఇంక రానంటోంది, ఇంత చేసినా మారకపోతే ఇంకెందుకని కుట్టుమిషను చెల్లెలికి ఇచ్చేస్తానంటోంది అని. చిన్న డాక్టరమ్మని చూడగానే మాట మింగేసింది. అప్పుడు ఆ మింగడం కూడా అనుమానంగానే తోచింది. ఆవిడ మింగింది ఈ దిగులు అని ఇప్పుడు తెలుస్తుంటే కళ్ళు మండుతున్నాయి, సెక్రటరీ చూస్తోంది, ఏడవకూడదు.

నాన్న ఒకే ఒక్కసారి అన్నం ముందునుంచి లేచిపోయాడు. చిన్నప్పుడు. బస్సులో ఒకావిడ కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది, మెడ బిగిసి ఉంది, అందరిముందూ లేచి నిలబడమని గద్దించాడట. ఆవిడ పిడికిలి విప్పితే టికెట్ చెమటకి తడిసి ముద్దయిపోయి ఉంది. ఏడుపు ఆపుకోవడానికి బిగించుకుంది ఆ మెడని. "నా కన్ను తప్పు కాదే, మెడ బిగిసే ఉంది" అని అమ్మతో మళ్ళీ మళ్ళీ అంటున్నాడు నాన్న, అన్నం చల్లారిపోతోంది.

"వెళ్ళండి డాక్టర్, పిలుస్తున్నారు" అంది సెక్రటరీ.

ప్రొఫెసరు గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి కళ్ళు నలుపుకుంటున్నారు. "రామ్మా, కూర్చో. ఆలస్యమైంది, ఏమనుకోకు. మొదటిరోజే చెప్పాను కదా, మీరిద్దరూ చూసినవాళ్ళలో కొందరిని ఒకరికి తెలియకుండా ఒకరితో మళ్ళీ చూపిస్తానని." ఆమె తల ఊపింది. ఆ మొదటిరోజు నిద్రలో కలిసిపోయిన మాటల్లో ఇది కూడా ఉందన్నమాట. బుద్ధిమంతుడు తల ఊపుతూ విన్నది దీన్నే. "చాలావరకు ఇద్దరి మార్కులూ కలుస్తున్నాయి. కొందరి దగ్గర మాత్రం అతను ప్రతిసారీ నీకంటే ఒకటి ఎక్కువ వేస్తున్నాడు. వాళ్ళు ఏ గుంపువాళ్ళో నాకు తెలియదు, తెలియకూడదు. కానీ నాకు అర్థమైంది ఏమిటంటే అతను మెత్తమనిషి, జాలిపడి వేసేస్తున్నాడు. అతనికి ఇప్పుడే చెప్పాను, ఇంక కొలతలు చూడొద్దని. నీ కన్ను గట్టిది. వచ్చే ఏడాదికి నిన్నే ఉంచుకోవాలనుకుంటున్నాను." ఆయన నవ్వారు. ఎంత నమ్మకంగా నవ్వారంటే, ఇన్నాళ్ళూ ఆ మొహంలో కపటం ఎక్కడ చూసిందో ఆమెకి గుర్తురాలేదు.

అంతే, థాంక్యూ సార్ అంటే చాలు. నోట్లో మాట సిద్ధంగా ఉంది కూడా. ఎవరికీ తెలియదు, ఎప్పటికీ తెలియదు, ఆమె తనంతట తను చెబితే తప్ప ఆ మెడల సంగతి లోకంలో ఎవరి ఊహకీ అందదు. తలుపు అవతల బుద్ధిమంతుడు తాగని నీళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అమ్మకి ఫోన్ చేసి సీటు వచ్చిందని చెప్పొచ్చు. అమ్మ ఆ మాటని తన తక్కెడలో మళ్ళీ తూస్తుందా? తూయదు, కూతురిదని నమ్మేస్తుంది. దర్జీ అమ్మ చెల్లెలి ఇంటికి ఆటోలో మిషను వెళ్ళిపోతుంది.

"సార్, నాకు అద్దం వాళ్ళెవరో తెలిసిపోతుంది" అంది.

ఆయన నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం మారాయి. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. ఫిజియో అక్క కాదు. పేషెంట్లు కూడా కాదు." ఎలా చెప్పాలో తెలియక, ఎడమచెయ్యి తీసి ఆయన బల్ల మీద పెట్టింది, ఆయన కళ్ళజోడు పక్కన. మెడ కొద్దిగా వంచింది. బల్ల మధ్యలో ఏమీ లేని చోటికి చూసింది. అప్పుడు చెయ్యి కదిపి కళ్ళజోడు అందుకుంది. "వాళ్ళు ఇలా చూస్తారు. అది చూశాక నా చెయ్యి రెండు వేసింది సార్. మూడు వేయాల్సినచోట. అతను జాలిపడలేదు. అతను చేతినే చూశాడు."

ప్రొఫెసరు గారు కూడా ఆ ఖాళీచోటువైపే చూస్తున్నారు, ఏళ్ళ తరబడి అక్కడ అద్దం నిలబెట్టిన మనిషి, దాన్ని తీసేశాక జనం ఎటు చూస్తారో ఎప్పుడూ చూడని మనిషి. తిడతారనుకుంది. తిట్టినా బాగుండేది. "ఎవరెవరిలో ఇలా చూశావో చెప్పు, వాళ్ళందర్నీ మళ్ళీ పిలిపిద్దాం" అన్నారు చివరికి. "కొత్తవాళ్ళు చూస్తారు. నువ్వు ఆ గది దరిదాపుల్లోకి రావద్దు. వెళ్ళి అతన్ని పిలుచుకురా."

సీటు మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఆమె అడగలేదు.

కారిడారు పొడుగునా నడుస్తుంటే కాళ్ళు తేలికగానే ఉన్నాయి, అది ధైర్యమో నీరసమో తెలియలేదు. బుద్ధిమంతుడు అడుగుల చప్పుడు విని తలెత్తి చూశాడు. ఆమె అలవాటు ప్రకారం అతని మెడవైపు చూసింది, బిగిసి ఉంది. బిగిసి ఉండటానికి ఏదైనా కారణం ఉండొచ్చు. చూపు తిప్పుకుని మొహంలోకి చూసింది, చాలా రోజుల తర్వాత.

"దర్జీ అమ్మకి గోళీ దగ్గర నువ్వు ఎంత వేశావు?"

"మూడు" అన్నాడు. ఆమె అలాగే మొహంలోకి చూస్తూ ఉండేసరికి కంగారుపడి, "ఏం, తక్కువైందా?" అన్నాడు.

వేలాడుతున్న కోటు అంచుని ఆమె చేతిలోపలికి మడిచి పట్టుకుంది. "సార్ పిలుస్తున్నారు, పద" అంది.